ఎలుక మీద కోపం, అంగడి మీద వేటు

ఈ ఏటి సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని మన సంఘం వారు అడిగారు. ముప్పయి ఎనిమిదేళ్ళు బడిలో చరిత్ర పాఠం చెప్పినా, తెలుగులో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. మాది ఈ దేశంలో మూడవ తరం. నా తెలుగు అవ్వ ఒడిలో కొంత, సాయంకాలపు తరగతిలో ఎక్కువ నేర్చుకున్నది. భాషలో దోషాలుంటే మన్నించగలరు.

మన ఇళ్ళలో పూర్వీకుల కథ అంటే ఓడ, చెరుకు తోట, సర్దారు చేతి కొరడా. ఇవి అందరమూ విన్నవే. నేను చెప్పబోయేది బియ్యం బస్తా, కూరగాయల బుట్ట, వాటి ధర గురించి. ఊరి మీద రోగం పడినప్పుడు ఎవరి అంగడి తెరిచి ఉంటుంది? ఎవరి అంగడి మూతపడుతుంది? ఆ పిమ్మట పెరిగిన ధర ఎవరు చెల్లిస్తారు? ఈ మూడు ప్రశ్నలకు మన నేటాల్, ట్రాన్స్‌వాల్ చరిత్రలోనే జవాబు ఉన్నది.

అంగడి, బుట్ట

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా యాభై రెండు వేల మంది కూలి ఒప్పందం మీద నేటాల్‌కు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. మన తెలుగువారు ఆ లెక్కలోనే ఉన్నారు. మా తాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో చిత్తూరు వైపు నుంచి 1905లో వచ్చాడు.

ఒప్పందం తీరిన తరువాత చాలామంది కొద్దిపాటి నేల కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు. తెల్లవారక ముందే బుట్టలు నెత్తిన పెట్టుకుని పట్నానికి నడిచేవారు. గ్రే వీధి మసీదు ప్రాంగణంలో అమ్మేవారు, లేదా ఇల్లిల్లూ తిరిగేవారు. మనవారిలో పెద్ద వర్తకులు తక్కువ. బియ్యం, పప్పు, చింతపండు అమ్మే పెద్ద అంగళ్ళు ఎక్కువగా సొంత ఖర్చుతో ఓడెక్కి వచ్చిన గుజరాతీ వర్తకులవి. కూలి డబ్బు చేతికి వచ్చే దాకా వారు మన వారికి అరువు ఇచ్చేవారు. కనుక వారి అంగడి కథ, మన పొయ్యి కథ, రెండూ ఒకటే.

1885 నుంచి 1887 వరకు నేటాల్ ప్రభుత్వం వేసిన రాగ్ కమీషన్ ఈ విషయాన్ని విచారించింది. ఆ కమీషన్‌లోని వారు భారతీయులు కారు. అయినా వారు తమ నివేదికలో స్పష్టంగా రాసిన మాట ఏమంటే, భారతీయ వర్తకుల వలన కాలనీ మొత్తానికి మేలే జరిగిందని. తెల్ల వర్తకుల కోపానికి కారణం పోటీయేనని, ముఖ్యంగా బియ్యం వంటి సరుకులలో భారతీయులు వారితో దీటుగా అమ్మగలగడమేనని కూడా రాశారు. పోటీ వలన ధర తగ్గింది. తగ్గిన ధర కొనేవారికి మేలు, మునుపు ఒంటిగా అమ్మిన వారికి నష్టం.

అయితే "వాడు నాకంటె చవకగా అమ్ముతున్నాడు, వాడిని వెళ్ళగొట్టండి" అని ఎవరైనా సభలో లేచి చెప్పగలరా? చెబితే కొనేవారే నవ్వుతారు. అందుచేత మరొక మాట కావలసి వచ్చింది. ఆ మాట "శుభ్రత".

శుభ్రత పేరిట చట్టం

ట్రాన్స్‌వాల్ రిపబ్లిక్ 1885లో చేసిన మూడవ చట్టం, దాని వెంట వచ్చిన సవరణ, ఆసియా వారు తమకు కేటాయించిన వీధులలో, లొకేషన్లలో ఉండవలెనని చెప్పాయి. కారణంగా చూపినది ఆరోగ్య రక్షణ. సవరించిన చట్టం వాక్యంలోనే ఆ మాట ఉన్నది. 1888లో అక్కడి న్యాయస్థానం "నివాసం" అనే మాటలో అంగడి కూడా చేరుతుందని తీర్పు ఇచ్చింది. అనగా ఊరి నడుమ అంగడి పెట్టినవాడు దానిని ఊరి వెలుపలికి మోసుకుపోవాలి. కొనేవారు ఊరి నడుమనే ఉంటారు!

1895లో ట్రాన్స్‌వాల్ భారతీయులు బ్రిటిష్ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. ప్రిటోరియాలో వైద్యం చేసే వీల్ అనే తెల్ల డాక్టరు యోగ్యతాపత్రం దానికి జతచేశారు. భారతీయుల ఇళ్ళు చూచి, వైద్యం చేసిన అనుభవంతో, వారి శుభ్రత అదే తరగతి తెల్లవారి కంటె తీసిపోదని ఆయన రాసి ఇచ్చాడు. కొందరు బోయర్ పౌరులు సైతం ఈ వర్తకులు చవకగా అమ్ముతున్నారు, వీరిని పంపివేయవద్దని ప్రభుత్వాన్ని కోరారు. డాక్టరు మాట, కొనేవారి మాట రెండూ ఒక వైపు ఉన్నాయి. చట్టం మరొక వైపు ఉన్నది.

తరువాత నేటాల్ వంతు వచ్చింది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. ఆ డిసెంబరు 18న కూర్లాండ్, నాదిరి అనే రెండు ఓడలు ఆరు వందల మందికి పైగా ప్రయాణికులతో డర్బన్ రేవుకు వచ్చాయి. గాంధీగారు తమ భార్యాపిల్లలతో కూర్లాండ్‌లో ఉన్నారు. ఓడలలో రోగం లేదు. అయినా దిగనివ్వలేదు. ఒక గడువు ముగిస్తే మరొక గడువు పెట్టారు. ఒడ్డున తెల్లవారి సభలు జరుగుతున్నాయి. ఆ సభలలో ప్లేగు గురించి కంటె, వలస గురించి, వర్తకం గురించి మాట్లాడినదే ఎక్కువ. చివరకు 1897 జనవరి 13న దిగనిచ్చారు. ఆ రోజు గాంధీగారి మీద గుంపు పడి కొట్టిన సంగతి మీకు తెలిసినదే.

ఆ ఏడే నేటాల్ శాసనసభ వరుసగా చట్టాలు చేసింది. ఒకటి ఓడల నిర్బంధం మీద, ఒకటి వలస మీద, ఒకటి అంగళ్ళ లైసెన్సుల మీద. మన కథకు ముఖ్యమైనది ఈ మూడవది, 1897 నాటి పద్దెనిమిదవ చట్టం. దాని ప్రకారం లైసెన్సు అధికారి ఎవరికైనా లైసెన్సు నిరాకరించవచ్చు. అంగడి అపరిశుభ్రంగా ఉన్నా, లెక్కలు ఇంగ్లీషులో లేకపోయినా లైసెన్సు రాదు. ఆ అధికారి నిర్ణయం మీద అప్పీలు పట్టణ కౌన్సిల్‌కే గాని కోర్టుకు పోరాదు. ఆ కౌన్సిల్‌లో కూర్చున్న వారిలో వర్తకులు ఉండేవారు. పోటీదారుడి తలుపు తెరవాలా వద్దా అని పోటీదారుడినే అడగడం అన్నమాట. న్యూకాసిల్ నుంచి ఒక కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. కోర్టుకు అప్పీలు లేదని అక్కడ కూడా తేలింది.

1898లో డర్బన్‌లో సోమనాథ్ మహారాజ్ అనే వ్యక్తి అంగడి పెట్టుకుంటానని దరఖాస్తు చేశాడు. ఆరోగ్యశాఖ తనిఖీదారు స్థలం చూచి బాగున్నదనే రాశాడు. అయినా లైసెన్సు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు. ఆయన పైకోర్టుకు వెళ్ళాడు. కౌన్సిల్ విచారణ జరిపిన తీరు సరికాదని కోర్టు దానిని కొట్టివేసి, ఖర్చులు కూడా ఇప్పించింది. కౌన్సిల్ మళ్ళీ విచారించింది. ఈసారి కారణం చెప్పక తప్పలేదు. ఆ రకం వ్యాపారం పట్టణంలో ఇప్పటికే చాలినంత ఉన్నదట! మా బడి పిల్లలకు ఈ కేసు చెప్పినప్పుడు నేను ఇక్కడ ఆగి అడిగేదాన్ని: "ఇందులో రోగం ఎక్కడ ఉన్నది?" వెనుక బెంచీ పిల్లలు సైతం జవాబు చెప్పేవారు.

జొహన్నెస్‌బర్గ్ మంట

రోగం అంతా కట్టుకథ అని నేను చెప్పడం లేదు. ప్లేగు నిజంగానే వచ్చింది. 1901లో కేప్‌టౌన్‌లో, 1902 చివర డర్బన్‌లో, 1904లో జొహన్నెస్‌బర్గ్‌లో. జనం చనిపోయారు. చెప్పవలసినది ఆ తరువాత ఏమి జరిగిందన్నది.

జొహన్నెస్‌బర్గ్‌లో భారతీయుల లొకేషన్‌ను 1903లో నగరపాలక సంఘం స్వాధీనం చేసుకుంది. స్థలం వారిది అయిన తరువాత చెత్త ఎత్తడం, కాలువలు బాగు చేయడం కూడా వారి పనే. జనం పెరిగారు, చెత్త కూడా పెరిగింది. ఇక్కడ రోగం వచ్చే ప్రమాదం ఉన్నదని 1904 ఫిబ్రవరిలో గాంధీగారు నగర ఆరోగ్యాధికారికి ఉత్తరం రాశారు. మార్చిలో ప్లేగు వచ్చింది. అది మొదట పట్టుకున్నది ఒక బంగారు గనిలో పనిచేసి వచ్చిన కూలీలను. ఇరవై ముగ్గురిని ఒక ఖాళీ గిడ్డంగిలో పడుకోబెట్టి గాంధీగారు, మదనజీత్, డాక్టర్ గాడ్‌ఫ్రే మొదలగువారు సేవ చేశారు. వారిలో బతికినవారు ఇద్దరే.

తరువాత లొకేషన్‌లోని సుమారు మూడు వేల మందిని పన్నెండు, పదమూడు మైళ్ళ దూరాన క్లిప్‌స్ప్రూట్‌లో డేరాలకు తరలించారు. వెనుక లొకేషన్‌కు నిప్పు పెట్టారు. ఇళ్ళు, అంగళ్ళు, సామాన్లు అన్నీ కాలిపోయాయి. చచ్చిన ఎలుకలు కనబడ్డాయని నగర మార్కెట్‌లోని కొయ్య సామగ్రిని కూడా తగలబెట్టారు. దాని నష్టం సుమారు పది వేల పౌన్లని గాంధీగారు తమ ఆత్మకథలో రాశారు. మన పెద్దలు "ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు" అంటారు. సామెత కాస్తా అక్కడ నిజమైంది.

ఒక్కటి గమనించండి. కాలినది నగరపాలక సంఘం కొయ్య అయితే నష్టం నగర ఖజానాకు. కాలినది కూరలు మోసేవాడి గుడిసె అయితే నష్టం వాడి బతుకుకు. పదమూడు మైళ్ళ అవతల డేరాలో ఉన్నవాడు తెల్లవారేసరికి పట్నం వాకిళ్ళలో కూరలు ఎలా అమ్ముతాడు? వాడి వాడుక ఇళ్ళు మరొకరికి పోతాయి. అమ్మేవారు పదిమంది ఉండగా ముగ్గురు మిగిలితే, ధర చెప్పేది ఆ ముగ్గురే. రోగం పోయిన తరువాత కూడా ఆ ధర అంత తొందరగా దిగదు, ఎందుకంటే పోయిన ఏడుగురు తిరిగి రావాలంటే పెట్టుబడి కావాలి, లైసెన్సు కావాలి, పాత వాడుకదారులు కావాలి. సొంత ఖజానా ఉన్న పెద్ద అంగడి మూడు నెలలు మూసినా మళ్ళీ తెరుచుకుంటుంది. బుట్టవాడికి మూడు వారాలు చాలు, చితికిపోవడానికి.

న్యాయం పూర్తిగా లేదనడానికి కూడా వీలులేదు. అదే 1904లో హబీబ్ మోటన్ అనే వర్తకుడి కేసులో ట్రాన్స్‌వాల్ సుప్రీం కోర్టు పాత తీర్పును మార్చింది. లొకేషన్ చట్టం నివాసానికే గాని వర్తకానికి వర్తించదని చెప్పింది. మంట ఆరిన ఏడాదిలోనే ఆ తీర్పు రావడం మనవారికి గొప్ప ఊరట అయింది.

అవ్వ చెప్పిన ఉల్లిపాయ

మన తప్పు కూడా చెప్పుకోవాలి. లేకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

1910లో డర్బన్ కార్పొరేషన్ విక్టోరియా వీధిలో భారతీయుల మార్కెట్ తెరిచింది. మా తాత ఒప్పందం తీరి, ఉమ్‌గేని నది ఒడ్డున స్ప్రింగ్‌ఫీల్డ్ పల్లంలో కౌలు తోట పెట్టి, అక్కడే అమ్మేవాడు. 1917 అక్టోబరులో ఆ నదికి వచ్చిన పెద్ద వరదలో ఎందరో మనవారు కొట్టుకుపోయారు. మా తాత కుటుంబం ప్రాణాలతో బయటపడింది గాని పంట పోయింది, ఎద్దు పోయింది, అప్పు మిగిలింది. మరుసటి ఏడు, 1918 వసంతంలో, స్పానిష్ ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఈ దేశంలో ఆ రోగానికి సుమారు మూడు లక్షల మంది బలి అయ్యారు.

ఉల్లిపాయ తింటే ఆ రోగం రాదని అప్పుడు జనం నమ్మేవారు. మార్కెట్‌లో అమ్మేవారు సగం మంది మంచాన పడ్డారు. బండి తోలేవారు లేరు. మా తాత దగ్గర కొన్ని బస్తాల ఉల్లిపాయలు ఉన్నాయి. రెండింతల ధరకు అమ్మాడు. ఆ డబ్బుతో వరద అప్పు తీరింది.

ఈ సంగతి నాకు మా అవ్వ చెప్పింది. ఆ రోజులలో పొరుగు గుడిసె ఆవిడ, ఇంట్లో పిల్లలకు జ్వరమని, ఉల్లిపాయలకు వచ్చిందట. తాత ధర చెప్పాడట. ఆమె కొంగు ముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి, ఒకే ఒక్క ఉల్లిపాయ తీసుకుని పోయిందట. తాత చేసింది తప్పని అవ్వ ఎన్నడూ అనలేదు, ఒప్పని కూడా అనలేదు. "ఆమె ఒకటే తీసుకుపోయింది" అని మాత్రం ప్రతిసారీ అనేది. ఆ పిల్లలు ఏమయ్యారని నేను అడగలేదు. చిన్నతనం. ఇప్పుడు అడుగుదామంటే అవ్వ లేదు.

అప్పు ఉన్నవాడికి రెండింతల ధర అవసరంగానే కనబడుతుంది. కొనేవారికి మరొక అంగడి లేనప్పుడు, మంచివాడు కూడా ఆ ధర చెప్పగలడు. అందుకే ధర అదుపులో ఉండాలంటే అమ్మేవాడి మంచితనం ఒక్కటే చాలదు, పక్కన మరొక అంగడి తెరిచి ఉండాలి.

మన కాలంలో

ఇది పాత కథ అని అనుకునేవారికి 2020 గుర్తుండే ఉంటుంది. ఆ మార్చి 19న ప్రభుత్వం అత్యవసర సరుకుల ధరలు అన్యాయంగా పెంచరాదని నిబంధనలు తెచ్చింది. మార్చి 27 నుంచి దేశమంతా తాళం పడింది. సూపర్‌మార్కెట్లు తెరిచే ఉన్నాయి. వీధిలో కూరలు అమ్మేవారికి మాత్రం మొదట అనుమతి లేదు. ఏప్రిల్ 2న సవరణ చేసి, పురపాలక సంఘం అనుమతిపత్రం ఉంటే అమ్మవచ్చన్నారు. అంతవరకు మా వీధి మూల కూర్చుని ధనియా కట్టలు అమ్మే ముసలావిడ జాడ లేదు. (డర్బన్‌లో కొత్తిమీరను అందరమూ ధనియా అనే అంటాము కదా.) ఆవిడ దగ్గర నడిచి వెళ్ళి కొనేదానికి, ఇప్పుడు కారు వేసుకుని పోయి, వరుసలో నిలబడి, ఎక్కువ ధర ఇచ్చి కొన్నాను. నాకు కారు ఉన్నది. లేనివారు టాక్సీ చార్జీ కూడా కూర ధరలో కలుపుకోవాలి.

2021 మొదట్లో అల్లం, వెల్లుల్లి ధరలు ఆకాశానికి అంటాయి. 1918లో ఉల్లిపాయ మీద ఉన్న నమ్మకమే ఇప్పుడు అల్లం మీద. కాంపిటీషన్ కమీషన్ విచారణకు దిగవలసి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా తాత బస్తాలే కళ్ళకు కట్టాయి.

ఇక 2024. ఆ సెప్టెంబరు నుంచి తినుబండారాల వలన పిల్లలు జబ్బు పడిన సంఘటనలు దేశంలో 890 నమోదయ్యాయని, కనీసం 22 మంది చనిపోయారని నవంబరు 15న దేశాధ్యక్షుడు రామఫోసా ప్రకటించారు. సొవెటోలో చనిపోయిన పిల్లల విషయంలో కారణం టెర్బుఫాస్ అనే పురుగుమందు అని పరీక్షలలో తేలింది. పొలాల కోసం ఉద్దేశించిన ఆ విషాన్ని అప్పట్లో పేటలలో ఎలుకల మందుగా అమ్మేవారు. చెత్త ఎత్తని చోట ఎలుకలు పెరిగాయి, ఎలుకల కోసం విషం వచ్చింది. స్పాజా అంగళ్ళన్నీ 21 రోజులలో నమోదు చేసుకోవాలని ఆజ్ఞ వచ్చింది. తరువాత ఆ గడువును 2025 ఫిబ్రవరి 28 వరకు పొడిగించారు.

పిల్లలు చనిపోయారు. తనిఖీ అవసరమే. విషం పక్కన రొట్టె పెట్టి అమ్మే అంగడి మూయవలసిందే, అది ఎవరిదైనా సరే. కాని కొన్ని చోట్ల గుంపులు పోయి, తనిఖీ లేకుండా, కాగితం చూడకుండా, విదేశీయుల అంగళ్ళు అయినందున మూయించాయి. సోమాలీలు, ఇథియోపియావారు, బంగ్లాదేశ్‌వారు. అప్పుడు మన వారి పెళ్ళి విందులో నా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి, "ఈ బయటివాళ్ళు మురికివాళ్ళండీ, అందరినీ పంపేయాలి" అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట 1897లో ఎవరు ఎవరిని అన్నారో ఆయనకు తెలియదు. తెలియకపోవడం ఆయన తప్పు కూడా కాదు, మా బడులలో అది చాలాకాలం చెప్పనివ్వలేదు. ఆ జవాబే ఇప్పుడు ఈ వ్యాసంగా రాస్తున్నాను.

మన మనుమలకు నేను చెప్పదలచినది ఇంతే. రోగం వచ్చినప్పుడు ఒక అంగడి మూయాలని ఎవరైనా అంటే, మూడు సంగతులు అడగండి. ఒకటి, ఆ అంగడిని ఎవరైనా వచ్చి చూశారా, చూచి కారణం కాగితం మీద రాశారా? రెండు, అదే నియమం వీధి చివర పెద్ద అంగడికి కూడా ఉన్నదా? మూడు, మూయించినవాడి మాట మీద మరొకరి దగ్గర చెప్పుకునే దారి ఉన్నదా? సోమనాథ్ మహారాజ్ అడిగినవి ఈ మూడే. జవాబు ఉంటే మూయనివ్వండి. లేకపోతే ఆ మరునాడు రొట్టె ధర ఎంతో చూడండి, ఎవరికి లాభమో తెలుస్తుంది.

మా వీధి ముసలావిడ 2020 మే నెలలో అనుమతిపత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగి వచ్చింది. కట్ట మీద ఒక రాండు పెంచింది. నేను బేరం ఆడలేదు.

ఉత్సవానికి వచ్చే పెద్దలు తమ ఇళ్ళలోని పాత లైసెన్సు కాగితాలు, మార్కెట్ రసీదులు ఏవైనా ఉంటే వెంట తీసుకురావలసిందిగా కోరుతున్నాను. పిల్లలకు చూపిద్దాము. సెలవు.